టైలరమ్మను కరిచిన కుక్క

మీటరమ్మకు మనుషుల మాట మీద నమ్మకం పోయింది కుక్కల వల్లే.

ఇరవై రెండేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటరు రీడింగు తీసే ఉద్యోగం ఆమెది. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఆఫీసులో కూడా లేరు. భుజాన సంచీ, చేతిలో బిల్లు కొట్టే చిన్న మిషను, కాళ్లకు మోకాళ్ల కింది దాకా మందపాటి బూట్లు. మండుటెండలో కూడా ఆ బూట్లే. "కాళ్లు ఉడికిపోవూ?" అని ఎవరైనా అడిగితే, "ఉడికినా నా కాళ్లు నా దగ్గరే ఉంటాయిగా" అనేది.

ఇంతవరకూ ఆమెను ఏడు కుక్కలు కరిచాయి. మొదటిది ఉద్యోగంలో చేరిన నెలలోనే. తెల్లటి బొచ్చుతో బొమ్మలా ఉండే పామేరియన్. దాన్ని పెంచుకున్నావిడ గుమ్మంలో నిలబడి, "ఏం చెయ్యదమ్మా, రా" అంది నవ్వుతూ. ఈవిడ నమ్మి వెళ్లింది. పిక్కలో పళ్లు దిగాయి. "అయ్యో, ఎప్పుడూ ఇలా చెయ్యలేదే!" అంటూ ఆవిడ కుక్కనే ఎత్తుకుని ఓదార్చింది. మరోసారి వీధిలోని పిల్లలంతా మీదెక్కి ఆడుకునే లాబ్రడార్ మోచెయ్యి పట్టుకుంది. అది అన్నం తింటున్నప్పుడు పక్కనుంచి నడవడం తన తప్పేనట. సోఫా కింద నుంచి వచ్చి మడమ కొరికిన పొట్టికాళ్ల కుక్క జాతేమిటో దాని యజమానికే సరిగ్గా తెలియదు. ఒక జర్మన్ షెపర్డ్ మాత్రం పట్టుకుని వదల్లేదు. ఆ మచ్చ ఇప్పటికీ చలిలో లాగుతుంది.

అందుకే కుక్క ఏ జాతిదని ఆమె ఎప్పుడూ అడగదు. ముందు యజమాని మొహం చూస్తుంది. ఎంత గట్టిగా నవ్వితే అంత వెనక్కి జరుగుతుంది. ఆమె భర్త బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి, మాటకారి. "నీ అనుమానం చూస్తుంటే, నాకు తోక లేకపోబట్టి ఈ ఇంట్లో బతుకుతున్నాను" అనేవాడు.

అలాంటి మీటరమ్మ కూడా ఒక్క కుక్క విషయంలో తన పద్ధతిని తానే మరిచిపోయింది. అది తాళాలాయన కుక్క.

తాళాలాయన అంటే తాళాలు, గడియలు బాగుచేసే మనిషి. మీటరమ్మ నేస్తం టైలరమ్మ ఉండే సందు చివర ఎత్తైన ప్రహరీ వెనక ఒక్కడే ఉంటాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఆయన కుక్క నల్లగా, దూడంత ఉంటుంది. ఒక చెవి సగమే ఉంది. రీడింగు కోసం గేటు తడితే లోపల్నుంచి, "ఆగండి, కరుస్తుంది" అని కేక వేసేవాడు. దాని మూతికి తోలు చిక్కం తొడిగి, గొలుసు రెండు చుట్లు తిప్పి కట్టాకే గేటు తీసేవాడు. ఇరవై రెండేళ్లలో "మా కుక్క కరుస్తుంది" అని ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆయనొక్కడే. అది విని మెచ్చుకోవాల్సింది పోయి, కరుస్తుందని తెలిసీ ఎందుకు పెంచుతున్నాడు, ఇంట్లో ఏం దాచుకున్నాడు అని ఆమె ఆయన్నే అనుమానించింది.

అదే సందు మొదట్లో హెడ్‌మాస్టరు గారిల్లు. రిటైరైనా పెద్దరికం రిటైరు కాలేదు. సందులో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయనే రాసిపెట్టేవాడు. కొడుకు ఓడల మీద పని చేస్తాడు, ఇంట్లో ఆయనా కోడలే. వాళ్లకో చిన్న కుక్క ఉంది. తేనెరంగు బొచ్చు, గుండీల్లాంటి కళ్లు. పేరు బంగారం. "ఈ జాతికి కరవడం రాదమ్మా, పుస్తకంలోనే రాశారు" అనేవాడాయన.

ఆ మంగళవారం మధ్యాహ్నం కాకముందే టైలరమ్మను కుక్క కరిచింది.

టైలరమ్మ మీటరమ్మకు పదిహేనేళ్ల నేస్తం. రోజూ మధ్యాహ్నం ఆమె కుట్టుమిషను పక్కనే కూర్చుని ఇద్దరూ అన్నం డబ్బాలు విప్పుకునేవాళ్లు. టైలరమ్మకు చూపు కాస్త తక్కువ. సూదిలో దారం వేళ్లతోనే ఎక్కిస్తుంది గానీ నాలుగు అడుగుల అవతల మనిషెవరో పోల్చుకోలేదు. ఆ రోజు కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని సందులో నడుస్తుంటే వెనక నుంచి ఏదో వచ్చి పిక్క పట్టుకుంది. ముందుకు పడిపోయింది. మోకాలి చిప్ప చిట్లింది, నుదురు పగిలింది. జనం చేరేసరికి కుక్క లేదు.

"నల్లదే అయ్యుంటుంది" అన్నారెవరో. సాయంత్రానికి 'అయ్యుంటుంది' కాస్తా 'నల్లదే'గా మారిపోయింది.

బుధవారం పొద్దున హెడ్‌మాస్టరు అర్జీ రాశాడు. ప్రమాదకరమైన జాతి కుక్కను సందులోంచి శాశ్వతంగా పంపించాలని, మున్సిపాలిటీ వారు వెంటనే చర్య తీసుకోవాలని. మీటరమ్మ రీడింగుల మధ్యలో ఆగి మూడో సంతకం పెట్టింది. పెన్ను ఆయనదే. సంతకం పెడుతుంటే ఆయన పక్కనే నిలబడి, "ఆవిడ కుక్కను చూసిందంటావా? ఏమన్నా చెప్పిందా?" అని అడిగాడు. లేదంది. "రంగు కూడా చూళ్లేదా?" అని మళ్లీ అడిగాడు.

రెండోసారి ఎందుకడిగాడు? అప్పుడు ఆమెకా ప్రశ్న రాలేదు. సాయంత్రం ఆస్పత్రిలో వచ్చింది.

నర్సు టైలరమ్మ పిక్కకు కట్టు మారుస్తోంది. మీటరమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. దూది తీయగానే గాయం కనపడింది. రెండు చిన్న రంధ్రాలు, వాటి మధ్య బొటనవేలు పట్టేంత జాగా కూడా లేదు.  మీటరమ్మ కర్టెన్ పక్కకు వెళ్లి తన బూట్లు విప్పి చూసుకుంది. కుడికాలి మీద జర్మన్ షెపర్డ్ మచ్చ, ఎడమకాలి మీద ఆ బొమ్మలాంటి పామేరియన్ మచ్చ. టైలరమ్మ గాయం ఎడమకాలి మచ్చకు అక్కలా ఉంది.

"డాక్టరుగారూ, ఇది పెద్ద కుక్క నోరు కాదు కదండీ?"

డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "అలా చెప్పలేమమ్మా. పెద్ద కుక్కైనా సగం నోటితో పట్టుకోవచ్చు. గాయం చూసి కుక్క జాతకం చెప్పడం నావల్ల కాదు. కరిచిన కుక్కకు పిచ్చి ఉందేమో పది రోజులు కనిపెట్టి చూడాలి, అది ముఖ్యం. ఈవిడకైతే ఇంజక్షన్లు మొదలుపెట్టేశాం."

పది రోజులు కనిపెట్టి చూడాల్సిన కుక్క ఏది? గురువారం మున్సిపాలిటీ బండి వచ్చి నల్లకుక్కనే ఎక్కించుకుపోయింది. తాళాలాయన అరవలేదు, అడ్డుపడలేదు. దానికి తానే చిక్కం తొడిగి, తానే బోనులోకి దించాడు. తర్వాత దుకాణం మూసేసి, రోజూ వెళ్లి ఆ బోను ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడట. "చూశావా, తప్పు చేసినవాడిలా ఎలా నోరు మూసుకున్నాడో!" అంది సందంతా.

మీటరమ్మ మాత్రం సందు మొదట్లో ఇంటిని చూడటం మొదలుపెట్టింది. పక్క సందుల్లో రీడింగులున్నా చుట్టుతిరిగి ఆ గేటు ముందు నుంచే వెళ్లేది. చెప్పుల చప్పుడు వింటేనే మొరిగే బంగారం మూడు రోజులుగా కిక్కురుమనడం లేదు. మేడమీద గది కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. గేటుకు తళతళలాడే కొత్త గడియ వచ్చింది. ఇంత ఉక్కపోతలో కోడలు మణికట్లు దాటే పొడుగు చేతుల చొక్కా వేసుకుని బట్టలు ఆరేస్తోంది, అదీ ఎడమచేత్తో. హెడ్‌మాస్టరు రోజుకోసారి ఆస్పత్రికి పళ్లు పట్టుకెళ్తున్నాడు. పక్కింటివాళ్లకు జ్వరమొస్తే తొంగిచూడని మనిషి!

శుక్రవారం ఆమె మిషనులో పాత బిల్లులు వెనక్కి తిప్పింది. మంగళవారం, హెడ్‌మాస్టరు ఇల్లు, పదకొండూ ముప్పై ఎనిమిది. టైలరమ్మ పడింది పన్నెండుకు పావుగంట ముందు.

చేతిలో మిషను బరువెక్కింది. ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన చివరి మనిషి తనే. వచ్చేటప్పుడు గేటు గడియ వేసిందా? కళ్లు మూసుకుని ఆ నిమిషాన్ని తవ్వింది. మీటరు అంకె గుర్తొచ్చింది, బిల్లు చింపడం గుర్తొచ్చింది. కోడలు ఫోనులో మాట్లాడుతూ తలూపడం కూడా గుర్తొచ్చింది. గడియ ఒక్కటే రాలేదు. ఇరవై రెండేళ్లుగా రోజుకు వంద గేట్లు వేసే చెయ్యి ఒక గేటును విడిగా ఎందుకు గుర్తుపెట్టుకుంటుంది?

మర్నాడు పొద్దున్నే భర్తకు చెప్పింది. ఆయన పిండి అంటిన చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వు నోరెత్తావనుకో, ఆ మాస్టారు మొదట అనే మాటేమిటి? గేటు నువ్వే తీసిపోయావని. ఉద్యోగం మీదికొస్తుంది. నీకు తెలిసిందేముంది చెప్పు? ఒక గడియ, ఒక చొక్కా, ఒక మూసిన కిటికీ. అంతేగా?"

"అంతే."

"మరి ఊరుకో."

"ఊరుకుందామనే ఉంది. ఆ అర్జీ మీద నా సంతకం ఊరుకోనివ్వట్లేదు" అందామె.

ఆ శనివారమే నేరుగా మున్సిపాలిటీ బోను దగ్గరికి వెళ్లింది. తాళాలాయన స్టూలు మీద ఉన్నాడు. నల్లకుక్క ఊచలకు వీపు ఆనించి పడుకుంది. ఆమె ఆరడుగుల అవతలే ఆగింది.

"ఒక మాట అడగాలండీ. హెడ్‌మాస్టరు గారింటికి కొత్త గడియ వేసింది మీరేనా?"

"నేనే. మంగళవారం సాయంత్రం పిలిచారు. పాత గడియ నాలుక విరిగి ఆర్నెల్లయింది. రెండుసార్లు చెప్పాను, మార్పించుకోండి అని. చూద్దాం లెమ్మన్నారు."

"అంటే... వేసినా పడదా?"

"పడ్డట్టే ఉంటుంది. చిన్న కుక్క ముక్కుతో నెట్టినా ఊడుతుంది."

మీటరమ్మ గుండెల మీది బరువు సగం దిగింది. సగమే. "మరి అదే రోజు ఆయన ఎందుకు మార్పించాడో మీకు అనుమానం రాలేదా? వస్తే ఎందుకు చెప్పలేదు?"

ఆయన కుక్కనే చూస్తూ అన్నాడు. "వచ్చింది. కానీ ఆ రోజు నేను దుకాణం నుంచి ఇంటికొచ్చేసరికి వీడి గొలుసు కొక్కెం ఊడి ఉంది. పొద్దున నేనే సరిగ్గా తగిలించలేదేమో. గోడ ఎత్తుగా ఉంది, గేటు వేసే ఉంది, వీడు వెళ్లుండడు. కానీ 'ఉండడు' అనే మాట మీద ప్రమాణం చెయ్యలేను కదా." చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా పాత కుట్లు. "తెచ్చిన వారంలో నన్నే కరిచాడు. ఇదివరకటి వాళ్లు ఇనప కడ్డీతో కొట్టేవాళ్లట, ఆ చెవి వాళ్ల పనే. వీడేం చేస్తాడో నాకు తెలుసు. చెయ్యకుండా చూసుకోవాల్సింది నేను. నా ఇంట్లో కొక్కెం ఊడి ఉంటే, ఇంకొకరింటి గడియ గురించి ఏ మొహంతో మాట్లాడను?"

మీటరమ్మ ఒక అడుగు ముందుకు జరిగింది. తనకు తెలిసిన యజమానుల్లో సొంత కుక్కను అనుమానించిన మొదటి మనిషి ఈయనే.

అక్కడి నుంచి సరాసరి హెడ్‌మాస్టరు గేటు తట్టింది. కోడలు వచ్చింది. చేతిలో మిషను లేని మీటరమ్మను చూడగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, ఆ చెయ్యి చూపించు."

"వేడినీళ్లు పడ్డాయి అక్కా."

"వేడినీళ్లకు పళ్లుంటాయా? చూపించు."

వెనక నుంచి హెడ్‌మాస్టరు వచ్చాడు. "ఏమిటమ్మా, రీడింగు మొన్నేగా తీశావు?"

"దానికోసం రాలేదు మాస్టారూ. మంగళవారం ఈ గేట్లోంచి ఆఖరున బయటికెళ్లింది నేను. గడియ వేశానో లేదో నాకు గుర్తులేదు. ఆ మాట మా ఆఫీసులోనూ చెప్తాను, మున్సిపాలిటీలోనూ చెప్తాను. మీ మాట మీరు చెప్పండి."

ఆయన మొహంలో ఒక్క క్షణం వెలుగు కనపడింది. "చూశావా! గేటు నువ్వే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గేటు తీసి ఉందని ఒప్పుకుంటే, బయటికెళ్లింది ఎవరో కూడా ఒప్పుకున్నట్టేనని అప్పుడు తట్టింది కాబోలు. వెంటనే మాట మార్చాడు. "అసలు ఆ జాతి కుక్క మనిషిని కరవడం ఎక్కడైనా విన్నావా? ఇంతుంటుంది!"

మీటరమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుని ఎడమ బూటు విప్పింది. "ఇంతున్నదే కరిచింది. చూడండి."

హెడ్‌మాస్టరు చూడలేదు. కోడలు చూసింది. చూసి, ఏడుస్తూ చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు వాచి, కమిలి ఉంది.

"సందులోంచి నేనే ఎత్తుకొచ్చాను అక్కా. మూతికి నెత్తురుంది. కడుగుతుంటే కరిచింది. అప్పట్నుంచీ మేడమీద స్నానాల గదిలో పెట్టాం. ఈ ఏడు దానికి టీకా కూడా వేయించలేదు."

"మరి నువ్వు ఇంజక్షన్ వేయించుకున్నావా?"

ఆ అమ్మాయి మామగారి వైపు చూసింది. ఆస్పత్రికి వెళ్తే పేరు, కుక్క వివరం రాసుకుంటారు. పది రోజులు ఆగితే కుక్క సంగతి తేలిపోతుంది, అప్పుడు చూద్దాం అన్నాడట ఆయన.

ఇంతసేపూ అదుపులో ఉన్న మీటరమ్మ గొంతు అప్పుడు లేచింది. "పది రోజులు ఆగి తేల్చుకోడానికి అదేమన్నా పరీక్ష ఫలితమా మాస్టారూ? తేలేసరికి పిల్ల ఉండొద్దూ? ఐదు రోజులు! చదువు చెప్పిన మనిషి మీరు!" కోడలి రెండో చెయ్యి పట్టుకుని, "చెప్పులేసుకో, పద" అంది. హెడ్‌మాస్టరు అడ్డు చెప్పలేదు. గోడకు చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు. వాళ్లు సందు మలుపు తిరుగుతుంటే వెనక నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, "నేనూ వస్తాను" అన్నాడు. మీటరమ్మ ఆయన్ను తేరిపార చూసింది. ఇందులోనూ ఏదో ఎత్తుగడ ఉందేమోనని. ఆస్పత్రి చీటీ మీద కుక్క వివరం రాయాల్సిన చోట ఆయనే తన ముత్యాల్లాంటి అక్షరాలతో నిజం రాసేదాకా ఆమె ఆయన పక్క నుంచి కదల్లేదు.

ఆలస్యమైనా వేయించుకోవాల్సిందేనని డాక్టరు కోడలికి ఆ పూటే ఇంజక్షన్లు మొదలుపెట్టాడు. మున్సిపాలిటీ వాళ్లు బంగారాన్ని తీసుకెళ్లి, మిగిలిన రోజులు కనిపెట్టి చూశారు. అది ఆరోగ్యంగానే ఉందని తేలేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పశువుల డాక్టరు దాని చెవులు తిప్పి చూస్తే లోపల చీము. నెలల తరబడి నొప్పితో ఉన్నట్టుంది, తల దగ్గర ఏది కదిలినా కొరికేస్తోంది. ఆ మంగళవారం టైలరమ్మ చంకలో మూట అంచు దాని చెవికి తగిలిందో ఏమో, ఎవరూ చూళ్లేదు. అంతకు ముందు కూడా అది కోడల్ని రెండుసార్లు, హెడ్‌మాస్టరును ఒకసారి పట్టుకుందట. "ముద్దు చేస్తోంది" అనుకున్నారట.

నల్లకుక్క ఇంటికొచ్చింది. అర్జీ మీద తన సంతకం కొట్టేయమని మీటరమ్మ రాసిచ్చింది. మిగతావాళ్లు మాత్రం కొట్టేయలేదు. ఈసారి కాకపోతే మరోసారి కరవదా అన్నారు. తాళాలాయన కూడా ఆ మాట కాదనలేదు, గొలుసుకు రెండో కొక్కెం బిగించాడు. ఆఫీసు వాళ్లు మీటరమ్మకు మెమో ఇచ్చారు, గేట్లు జాగ్రత్తగా మూయవలెనని. సంతకం పెట్టి తీసుకుంది. గడియ వేసిందో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

టైలరమ్మ ఆరు వారాలకు మళ్లీ మిషను ముందు కూర్చుంది, కుంటుతూనే. ఒక మధ్యాహ్నం ఇద్దరూ డబ్బాలు విప్పుకుంటుంటే హెడ్‌మాస్టరు బంగారాన్ని పొట్టి తాడుతో పట్టుకుని దుకాణం ముందుకొచ్చి ఆగాడు. లోపలికి రాలేదు.

"అమ్మా, ఇంత చిన్న మూతికి చిక్కం ఎక్కడా దొరకలేదు. గట్టిగుడ్డతో కుట్టిపెట్టగలవా?"

టైలరమ్మ ఆ గొంతు వైపు తల తిప్పింది. డబ్బాకు మూత పెట్టింది. 

"కుడతాను" అంది. మెళ్లోని టేపు తీసి బల్ల మీదుగా ఆయన వైపు విసిరింది. "కొలత మీరే తియ్యండి. ముక్కు చుట్టూ, చెవుల వెనక. అంకె గట్టిగా చదవండి, నాకు కనపడదు."

హెడ్‌మాస్టరు రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చున్నాడు. టేపు తిరగేసి పట్టుకున్నాడు. కుక్క గుర్రుమంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ చాపాడు, నెమ్మదిగా, చెవికి తగలకుండా.